దంతం విరిగిన కొండపల్లి ఏనుగు



ఈ వారం వీడియోలో సంక్రాంతి బొమ్మల కొలువు గురించి మాట్లాడుకున్నాం. మెట్లు బేసి సంఖ్యలో ఎందుకు పెడతాం, పై మెట్టు మీద ఎవరిని కూర్చోబెడతాం, పేరంటానికి వచ్చినవాళ్లకి ఏం ఇస్తాం, ఇవన్నీ చెప్పాను. ఒక్క విషయం మాత్రం చెప్పలేకపోయాను. రెండుసార్లు రికార్డ్ చేశాను, రెండుసార్లూ గొంతు పట్టేసి ఆపేశాను. రాయడమైతే కొంచెం తేలిక. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోయిన సంక్రాంతికి జరిగింది ఇది. మా నాన్నగారి సంవత్సరీకం అయ్యాక మా ఇంట్లో చేసుకున్న మొదటి పండగ. కొలువు పెట్టడానికి అమ్మ ముందు వద్దంది. "పిల్ల ఉంది కదమ్మా, దాని కోసమైనా పెడదాం" అని అక్క పట్టుబట్టింది. నేను హైదరాబాద్ నుంచి రాత్రి బస్సుకి వచ్చాను. అటక మీద నుంచి ట్రంకుపెట్టె దించడం, బొమ్మలు తుడవడం నా పని. దశావతారాల సెట్టు, మరపాచి బొమ్మలు, సెట్టిగారు సెట్టెమ్మ, రామపట్టాభిషేకం, అన్నీ పాత చీరల్లో చుట్టి పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి ఇస్తుంటే అక్క మెట్ల మీద సర్దుతోంది.

మా అక్క కూతురికి ఆరేళ్లు. ఇంట్లో అందరం బుజ్జి అంటాం. అది లోపలికి వెళ్లి తన ఏనుగు తెచ్చింది. కొండపల్లి అంబారీ ఏనుగు. ఒక దంతం లేదు. మెడ మీద కూర్చునే మావటివాడు లేడు, అతను ఉండే చోట మక్కు మరక మాత్రం ఉంది. తోకకి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. దాన్ని తీసుకెళ్లి సరిగ్గా పట్టాభిషేకం పక్కన పెట్టింది.

"బుజ్జీ, విరిగిన బొమ్మ కొలువులో పెట్టకూడదమ్మా" అన్నాను.

అది ఏమీ అనలేదు. నేను తీసి కింద పెట్టాను. కాసేపటికి చూస్తే మళ్లీ మెట్టు మీద ఉంది. మళ్లీ తీశాను. మళ్లీ పెట్టింది. అలా మూడుసార్లు. చివరికి అది నిద్రపోయాక ఏనుగుని తీసి, పెరట్లో భోగిమంట కోసం పోగేసిన పాత కర్రలు, విరిగిన పీట, చింకి తట్ట ఉన్న కుప్పలో వేసేశాను. నిజం చెప్తున్నాను, చాలా మామూలుగా వేశాను. పనికిరాని చెక్క కదా, భోగికి పాతవి వేయడమే కదా ఆచారం అనుకున్నాను. పొద్దున అడిగితే కొత్త ఏనుగు కొనిస్తానని చెప్పొచ్చు అనుకున్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకి మంట వేయడానికి లేచాం. కుప్పలోంచి కర్రలు ఒక్కొక్కటే తీసి అందిస్తున్న అమ్మ ఒక్కసారి ఆగిపోయింది. చేతిలో ఏనుగు.

"ఒరేయ్, ఇది మీ నాన్న కొన్నదిరా."

నాకు తెలియదండీ. అప్పట్లో నేను కొత్త ఉద్యోగంలో ఉన్నాను. నాన్న మనవరాలిని కొండపల్లి తీసుకెళ్లారట. ఆ ఊళ్లో తెల్ల పొణికి చెట్టు కర్రతో బొమ్మలు చేస్తారు. చాలా తేలికైన కర్ర. కాళ్లు, తొండం, మావటి, ఇలా ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, పైన రంగులు వేస్తారు. అదంతా దగ్గరుండి చూపించి, చివర్లో ఈ ఏనుగు కొనిచ్చారట. తర్వాతి ఏడాదే ఆయన వెళ్లిపోయారు.

అమ్మ పమిట చెంగుతో దాని మీద దుమ్ము తుడిచి, లోపలికి తీసుకెళ్లి కొలువులో వినాయకుడి పక్కన పెట్టింది. "ఒక దంతమే ఉంటే ఏం? ఈయనకీ ఒకటేగా" అంది. అంతే. నన్ను ఇంకొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

బుజ్జి లేచాక దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. "నీకు ఇంకా చాలా బొమ్మలున్నాయి కదా, ఇదంటేనే ఎందుకంత ఇష్టం?" అని. అది నా వైపు చూసి, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చెప్పింది. "మావటి అంటే తాతయ్య. నేను అంబారీలో కూర్చుంటాను. తాతయ్య తోలతాడు. ఇప్పుడు ఊరికెళ్లాడు. ఏనుగుని పారేస్తే, వచ్చి ఏది ఎక్కుతాడు మామయ్యా?"

నా దగ్గర జవాబు లేదు.

విరిగిందని వదిలేస్తామా?

విరిగిన విగ్రహం పూజలో ఉండకూడదనేది పెద్దలు చెప్పిన మాటే. నేను దాన్ని తప్పు పట్టడం లేదు. గుడిలో ప్రతిష్ఠ జరిగిన మూర్తికి ఆగమాలు చెప్పిన పద్ధతులున్నాయి, వాటిని అనుసరించాల్సిందే. కానీ ఆ రోజంతా నాకు శ్రీరామకృష్ణ పరమహంస జీవితంలోని ఒక సంఘటన గుర్తొస్తూనే ఉంది.

కలకత్తా దగ్గర దక్షిణేశ్వరంలో రాణీ రాసమణి కట్టించిన కాళీ ఆలయంలో 1855 మే 31న ప్రతిష్ఠ జరిగింది. అదే ఆవరణలో రాధాకృష్ణుల గుడి కూడా ఉంది. ప్రతిష్ఠ తర్వాత కొద్దికాలానికే, కృష్ణాష్టమి మర్నాడు, పూజారి స్వామిని పవళింపుకి తీసుకెళ్తూ కాలు జారి పడ్డాడు. కృష్ణుడి విగ్రహం పాదం విరిగింది. పండితులను పిలిపించి అడిగారు. భిన్నమైన మూర్తిని గంగలో నిమజ్జనం చేసి కొత్తది ప్రతిష్ఠించమన్నారు. కొత్త విగ్రహానికి ఏర్పాట్లు కూడా మొదలయ్యాయి.

అప్పటికి శ్రీరామకృష్ణులు ఇరవై ఏళ్ల దరిదాపుల్లో ఉన్న యువకుడు. ఆయన్ని అడిగితే ఏమన్నారో తెలుసా? రాణిగారి అల్లుళ్లలో ఒకరికి కాలు విరిగితే ఆయన్ని వదిలేసి ఇంకొకరిని తెచ్చుకుంటారా, వైద్యం చేయిస్తారా అని అడిగారు. ఇక్కడా అదే చేయండి అన్నారు. చెప్పి ఊరుకోలేదు. ఆ పాదాన్ని తన చేతులతోనే, అతుకు కనిపించనంత చక్కగా అతికించారు.

ఆ పనితనం ఎక్కడిదంటారా? చిన్నప్పుడు కామార్పుకూర్‌లో కుమ్మరులు బొమ్మలు చేస్తుంటే పక్కన కూర్చుని చూసి, మట్టితో దేవుడి బొమ్మలు తనూ చేసుకున్న పిల్లవాడు ఆయన. ఆ ఆటలో నేర్చుకున్న చేయి పెద్దయ్యాక స్వామి పాదానికి పనికొచ్చింది.

ఈ కథలో పండితులు తప్పు చెప్పలేదు. వాళ్లు విగ్రహాన్ని చూసి శాస్త్రం చెప్పారు. ఆయన విగ్రహంలో తన మనిషిని చూశారు. మా బుజ్జి కూడా తెలియకుండానే అటువైపు నిలబడింది. నాకు కనిపించింది విరిగిన చెక్క. దానికి కనిపించింది తాతయ్య ఎక్కే ఏనుగు.

ఇది మమకారం కాదా?

మీలో చాలామందికి వచ్చే సందేహం నాకూ వచ్చింది. గీతలో భగవానుడు మమకారం వదలమంటాడు కదా. రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుడి లక్షణాల్లో చెప్తాడు, పన్నెండో అధ్యాయంలో భక్తుడి లక్షణాల్లో మళ్లీ చెప్తాడు. మరి పిల్లలకి ఒక వస్తువు మీద ఇంత పట్టు ఉండటం మంచిదేనా? చిన్నప్పటి నుంచే వదిలేయడం నేర్పాలి కదా?

నేను కూడా అలాగే అనుకునేవాణ్ణి. ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నాన్నగారి పన్నెండో రోజు అయిన వారంలోనే నేను ఆయన బీరువా ఖాళీ చేశాను. బట్టలు ఇచ్చేశాను, అది అందరూ చేసేదే. కానీ నేను అక్కడ ఆగలేదు. చేతి గడియారం, పెన్నులు, ఆయన లెక్కలు రాసుకున్న డైరీలు, అన్నీ అట్టపెట్టెలో వేసి పంపించేశాను. "ఇవి కళ్లముందు ఉంటే అమ్మకి బాధ" అని అందరికీ చెప్పాను. అసలు బాధ నాది. ఆఫీసులో అక్కర్లేని ఫైల్స్ డిలీట్ చేసినట్టు చేసేస్తే తేలికైపోతుంది అనుకున్నాను. దానికి వైరాగ్యం అని పేరు కూడా పెట్టుకున్నాను.

భోగి రోజు సాయంత్రం అమ్మ దేవుడి గూట్లోంచి ఒక కళ్లజోడు పెట్టె తీసి చూపించింది. "నువ్వు అన్నీ పంపించేస్తుంటే ఇదొక్కటి నీకు కనపడకుండా దాచుకున్నానురా" అంది. తన భర్త కళ్లజోడు దాచుకోవడానికి మా అమ్మ నాకు భయపడాల్సి వచ్చింది. ఆ మాట విన్నప్పటి నుంచి వైరాగ్యం అనే మాట వాడాలంటే నాకు జంకు.

చూడటానికి బాధగా ఉందని కళ్లు మూసుకోవడం వైరాగ్యం కాదండీ. అది పారిపోవడం. వదలడం రావాలంటే ముందు పట్టుకోవడం వచ్చి ఉండాలి. రామాయణంలో భరతుణ్ణి చూడండి. రాజ్యం వద్దని వదిలేసినవాడు. ఆయనకన్నా వైరాగ్యం ఎవరికుంది? అలాంటివాడు చిత్రకూటం నుంచి ఒక వస్తువుని మాత్రం నెత్తిన పెట్టుకుని తెచ్చుకున్నాడు. అన్నగారి పాదుకలు. నందిగ్రామంలో వాటికి పట్టం కట్టి, రాజ్యవ్యవహారం ప్రతి ఒక్కటీ ముందు వాటికి విన్నవించి, 14 ఏళ్లు గడిపాడు.

అది మమకారమా? "రాజ్యం నాది" అనుకుంటే మమకారం. "ఇది ఆయనది, ఆయన వచ్చేదాకా నేను కాపలా ఉన్నాను" అనుకున్నాడు కాబట్టి అది భక్తి అయింది. రుజువు ఏమిటంటే, రాముడు తిరిగొచ్చిన రోజు భరతుడే ఆ పాదుకలు తీసుకెళ్లి అన్నగారి పాదాలకు తొడిగాడు. అన్నేళ్లు ప్రాణంలా చూసుకున్నదాన్ని ఒక్క క్షణం తటపటాయించకుండా అప్పగించాడు.

బుజ్జి మాట ఇప్పుడు మళ్లీ వినండి. "పారేస్తే, వచ్చి ఏది ఎక్కుతాడు?" అది తన బొమ్మ గురించి ఏడవలేదు. వచ్చేవాడి చోటు గురించి అడిగింది.

ఆటలో ఉన్న పూజ

మనం రోజూ చేసే షోడశోపచార పూజ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆవాహనం, అంటే రమ్మని పిలవడం. ఆసనం, అంటే కూర్చోవడానికి చోటివ్వడం. తర్వాత కాళ్లకు నీళ్లు, స్నానం, వస్త్రం, గంధం, పువ్వులు, నైవేద్యం. ఇప్పుడు మీ ఇంట్లో చిన్నపిల్ల బొమ్మతో ఏం చేస్తుందో చూడండి. రమ్మంటుంది, కూర్చోబెడుతుంది, నీళ్లు పోస్తుంది, చేతిగుడ్డ చుట్టి చీర అంటుంది, తను తినే దాంట్లోంచి ఒక మెతుకు దాని నోటికి పెడుతుంది. ఎవరూ నేర్పలేదు. మనకి మంత్రం వచ్చి కూడా మనసు నిలవడం లేదు, దానికి మంత్రం రాకపోయినా మనసంతా అక్కడే ఉంది.

భాగవతం రెండో స్కంధంలో పరీక్షిత్తు మహారాజు గురించి ఒక చిన్న మాట ఉంది. చిన్నతనంలో బొమ్మలతో ఆడుకునేటప్పుడు కూడా ఆయన కృష్ణుడి ఆటలే ఆడేవాడట. ఎందుకో ఆలోచించండి. ఆ పిల్లవాడు పుట్టకముందే తండ్రి అభిమన్యుడు యుద్ధంలో పోయాడు. అశ్వత్థామ అస్త్రం తల్లి గర్భంలో ఉన్న తనని కూడా కాల్చబోతే కృష్ణుడు అడ్డుపడి కాపాడాడు. గర్భంలో చూసిన ఆ రూపం కోసం, పుట్టాక కనిపించిన ప్రతి మనిషి ముఖంలోనూ వెతికేవాడట. అలా పరీక్షించి చూసేవాడు కాబట్టే పరీక్షిత్తు అన్నారని భాగవతం చెప్తుంది. తండ్రిని చూడని పిల్లవాడికి ఆ బొమ్మలాట ఏమై ఉంటుంది? తనని కాపాడినవాడితో మాట్లాడుకునే చోటు అయి ఉంటుంది. పెద్దయ్యాక ఏడు రోజుల్లో చావు ఉందని తెలిసి కూడా కదలకుండా కూర్చుని భాగవతం వినగలిగాడంటే, ఆ వినడం అక్కడి నుంచే మొదలైందని నాకనిపిస్తుంది.

అందుకే పిల్లలకి ప్రాణమైన వస్తువు ఏదైనా సరే, అది దుప్పటి ముక్క కావచ్చు, గోళీకాయ కావచ్చు, చెయ్యి విరిగిన బొమ్మ కావచ్చు, దాన్ని తీసేసేముందు ఒక్కసారి అడగండి. "ఇది ఎవరిచ్చారు? దీంట్లో ఎవరున్నారు?" అని. జవాబు మీరు తట్టుకోలేనిది కావచ్చు. అయినా అడగండి. ఆ వస్తువుతోనే పిల్లలు ఒకరిని గుర్తుపెట్టుకోవడం, ఒకరిని చూసుకోవడం, ఒకరి కోసం ఎదురుచూడటం నేర్చుకుంటున్నారు. రేపు దేవుడి ముందు కూర్చున్నప్పుడు కావాల్సినవి కూడా ఈ మూడే.

ఇచ్చేయడం

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. దక్షిణేశ్వరానికి 1864 ప్రాంతంలో జటాధారి అనే ఒక రామభక్తుడైన సాధువు వచ్చాడు. ఆయన దగ్గర ఉన్న ఆస్తి ఒక్కటే, బాలరాముడి చిన్న లోహ విగ్రహం. రామ్‌లాలా అని పిలుచుకునేవాడు. దేశమంతా తిరుగుతూ, భిక్షలో దొరికింది వండి ముందు ఆ పిల్లవాడికి పెట్టి, తర్వాత తను తినేవాడు. ఆయనకది విగ్రహం కాదు, ఎదురుగా నడిచే పిల్లవాడు. దక్షిణేశ్వరంలో ఉన్నన్నాళ్లలో రామ్‌లాలాకి శ్రీరామకృష్ణుల దగ్గర చనువు పెరిగిపోయింది. ఆయనతోనే ఆడుకునేవాడు, ఆయన వెంటే తిరిగేవాడు.

చివరికి ఒకరోజు ఆ సాధువు కన్నీళ్లతో వచ్చి, రామ్‌లాలాకి నిన్ను వదిలి రావాలని లేదు, వాడు నీ దగ్గర సంతోషంగా ఉన్నాడు, అది తలుచుకుంటే నాకు చాలు అని చెప్పి, విగ్రహాన్ని శ్రీరామకృష్ణులకు అప్పగించి వెళ్లిపోయాడు. తన జీవితంలో ఉన్న ఒకే ఒక్క వస్తువుని ఇచ్చేసి, ఖాళీ చేతులతో, తృప్తిగా వెళ్లాడు. నేను బీరువా ఖాళీ చేసిన దానికీ, ఆయన చేతులు ఖాళీ చేసుకున్న దానికీ ఉన్న తేడా ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది.

ఈ కథ నేను ఎప్పుడో చదివాను. కళ్లతో చూస్తానని మాత్రం అనుకోలేదు.

కనుమ మర్నాడు కొలువు ఎత్తేశాం. బొమ్మలన్నీ మళ్లీ పాత చీరల్లో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టాం. అక్కావాళ్లు బయల్దేరుతున్నారు, కారు వచ్చింది. బుజ్జి చెప్పులు వేసుకున్నది కాస్తా విప్పేసి లోపలికి పరిగెత్తింది. బ్యాగులోంచి ఏనుగు తీసి, అమ్మ మంచం పక్కన, మందుల డబ్బా ఉండే స్టూలు మీద పెట్టింది.

"అది లేకపోతే నీకు నిద్ర పట్టదు కదే, తీసుకెళ్లు" అంది అమ్మ.

"వద్దు అమ్మమ్మా. నువ్వు ఒక్కదానివే ఉంటావుగా. తాతయ్య వస్తే ముందు ఇక్కడికే వస్తాడు."

అక్క ముఖం అటు తిప్పేసుకుంది. అమ్మ మాత్రం పిల్ల తల నిమిరి, "సరేనమ్మా, నేను చూసుకుంటాలే" అంది.

తాతయ్య ఆ రూపంలో తిరిగి రారని బుజ్జికి ఏదో ఒకరోజు తెలుస్తుంది. మేం అబద్ధం చెప్పలేదు, నిజం చెప్పేంత ధైర్యమూ చేయలేదు. అడిగిన రోజున చెప్తాం. ఆ రోజుకి ఏనుగు మిగిలి ఉంటుంది, అదే నాకు ధైర్యం. భోగిమంటలో పోయి ఉంటే నేను దానికి ఏం చూపించి చెప్పేవాణ్ణి?

నాన్న గడియారం నాకు మళ్లీ దొరకలేదండీ. అట్టపెట్టె ఎవరికి వెళ్లిందో కనుక్కుందామని ప్రయత్నించాను, తెలియలేదు. ఇక తెలియదు కూడా. ఎవరి చేతికి ఉందో వాళ్లకి మంచి టైమ్ చూపిస్తూ ఉంటే చాలు అనుకుంటున్నాను. బదులుగా ఒక పని చేస్తున్నాను. నెలకి రెండు శనివారాలు ఊరికి వెళ్తున్నాను. అమ్మతో పాటు దేవుడి గూట్లో ఉన్న కళ్లజోడు పెట్టె తుడుస్తాను. తర్వాత స్టూలు మీద ఏనుగు తుడుస్తాను. మావటి చోటు ఖాళీగానే ఉంది. కొత్త మావటిని చేయించి అతికిద్దామా అని ఒకసారి అడిగాను.

"వద్దురా, ఆ చోటు అలాగే ఉండనీ" అంది అమ్మ.

ఈ వారం మీరు కూడా ఒక పని చేయండి. మీ ఇంట్లో పిల్లలుంటే, వాళ్లకి బాగా ఇష్టమైన వస్తువుని ఒక్కరోజు దేవుడి గూట్లో పెట్టనివ్వండి. అది పాతదైనా, విరిగిందైనా, దేవుడేమీ అనుకోడు. వాళ్లనే బొట్టు పెట్టమనండి, పువ్వు పెట్టమనండి. మీరు పక్కన కూర్చుని చూడండి. పిల్లలు లేనివాళ్లు, మీ చిన్నప్పటి వస్తువు ఒకటైనా ఇంట్లో ఎక్కడో ఉంటుంది, వెతికి తీయండి. ఎవరిచ్చారో గుర్తు చేసుకుని ఒక్క నమస్కారం పెట్టండి.

వచ్చే వారం వీడియోలో భీష్మ ఏకాదశి గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు. శుభం భూయాత్.